అట్ట మీది పేరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. ముప్ఫై నాలుగేళ్లు పిల్లలకు తెలుగు వ్యాకరణం చెప్పినవాడికి కోపం రాకపోతే ఆశ్చర్యపోవాలి గాని వస్తే ఏముంది? అయితే ఈ మధ్య వచ్చిన కోపం అలాంటిది కాదు. దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక నెలరోజులుగా నాలో నేనే ఉడికిపోతున్నాను. అందుకే రాస్తున్నాను. ఎజాజ్ భాయ్ తెలుగు అక్షరాలు గుర్తుపడతాడు గాని కూడబలుక్కుని చదవలేడు. ఆయన భార్య ఖదీజాకు అసలే రాదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

ఎజాజ్ భాయ్ కామారెడ్డిలో పుస్తకాలకు జిల్దు కట్టే మనిషి. జిల్దంటే బైండింగు. మా వైపు పాతవాళ్లకు ఆ మాటే నోటికి వస్తుంది. ఆయనకు అరవై ఆరేళ్లు. స్టేషన్ రోడ్డులో ఒక జిరాక్స్ షాపుకూ ఒక సెల్‌ఫోన్ల షాపుకూ మధ్య, షట్టరు సగమే లేచే గదిలో నలభై ఏడేళ్లుగా కూర్చుంటున్నాడు. బడి రిజిస్టర్లు, కచేరీ కాగితాలు, చర్చివాళ్ల పాటల పుస్తకాలు, భజన మండలివాళ్ల పుస్తకాలు అన్నీ ఆయన సూది కింది నుంచి పోయినవే. సూదిలోకి ఎక్కించేటప్పుడు అందరిలా దారం కొనను నోట్లో పెట్టి తడపడు, మైదా గంజిలో ముంచుతాడు. ఎంగిలి దారం దేవుడి పుస్తకంలోకి పోకూడదని ఆయన పట్టుదల. ఏ దేవుడి పుస్తకమైనా సరే.

పాత పుస్తకం మంచిదో కాదో చెప్పడంలో కూడా ఆయనకు పేరుంది. పుస్తకాన్ని వెన్ను పట్టుకుని ఎత్తి, బొటనవేలితో పేజీలు జార్చి, ఆ చప్పుడు వింటాడు. కుట్టు వదిలిందా, కాగితం పెళుసుబారిందా, పురుగు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పోయిందో, ఆ చప్పుడులోనే తెలుస్తుందట. తర్వాత పేజీ తిప్పే మూల చూస్తాడు. మూల నల్లబడి మెత్తగా ఉంటే సంతోషపడతాడు. "ఇది చదివిన కితాబ్ సారూ," అంటాడు. మూల తెల్లగా ఉంటే, "ఇది అల్మారా కితాబ్. మంచిగనే ఉన్నది గని దీనికి ఎవ్వలు లేరు," అంటాడు. ఆయన లెక్కలో పుస్తకం విలువంటే అంతే, అది ఎన్ని చేతులు తిరిగిందన్నదే.

నా పుస్తకాలు వంద దాకా ఆయన చేతే జిల్దు కట్టించుకున్నాను. పాత అట్ట పీకేసి, మూడు వైపులా అంచులు కోసి, ఎర్ర రెక్సిన్ తొడిగి, వెన్ను మీద బంగారు రంగుతో పేరు వేసి ఇచ్చేవాడు. ముసలి పుస్తకాలు పెళ్లికొడుకుల్లా తిరిగొచ్చేవి. మురిసిపోయాను. ఎవడైనా మురిసిపోతాడు.

ఆ దుకాణానికి నగేశ్ గారిని తీసుకుపోయింది నేనే. నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి. ఆయనది బీబీపేట. హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. పాత పుస్తకాలు సేకరిస్తాడు. డిసెంబరులో కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని, నిజాం కాలంలో ఈ చుట్టుపక్కల తిరిగిన పుస్తకాలతో ప్రదర్శన పెడతానని, ఆ పుస్తకాల గురించి ఒక పట్టీ కూడా అచ్చేయిస్తానని చెప్పాడు. పాత పుస్తకాల సంగతి ఎవరినడిగినా ఎజాజ్ పేరే చెబుతున్నారని నన్ను వెంటబెట్టుకుని పోయాడు.

ఎజాజ్ భాయ్ విషయం వినగానే దుకాణం నన్ను చూసుకోమని చెప్పి ఇంటికి పరుగెత్తాడు. పావుగంటలో ఆకుపచ్చ బట్టలో చుట్టిన పుస్తకం తెచ్చాడు. రెండు చేతులతో నగేశ్ గారికి ఇచ్చాడు.

"ఇది మా అబ్బాజాన్ రాసింది సార్," అన్నాడు.

ఆయన నాన్న పేరు గులాం దస్తగీర్. కాతిబ్‌గా పనిచేశాడు. అప్పట్లో ఉర్దూ పుస్తకాలకు అచ్చు అక్షరాలు కూర్చేవారు కాదు. కాతిబ్ అనే రాతగాడు పుస్తకమంతా చేత్తో అందంగా రాస్తే, ఆ రాతను రాయి మీదికి ఎక్కించి అచ్చు తీసేవారు. అంటే చదివేవాడి కంటికి కనిపించే ప్రతి అక్షరం ఆ మనిషి చేతిదే. దస్తగీర్ ఇరవై ఏళ్ల వయసులో హైదరాబాదులో ఒక ప్రెస్సులో మూడేళ్లు పనిచేసి, పోలీసు చర్య తర్వాత ప్రెస్సు మూతపడితే కామారెడ్డికి తిరిగొచ్చాడు. తహసీలు ఆఫీసు ముందు కూర్చుని అర్జీలు రాశాడు, దుకాణాలకు బోర్డులు రాశాడు. ఆఖరి పదకొండేళ్లు కుడిచెయ్యి పడిపోయి మంచంలో ఉన్నాడు. అన్నం కలిపి తినిపించింది కోడలు ఖదీజా. ఆ పదకొండేళ్లూ ఆయన చెప్పిన మాట ఒకటే. చెరకు సాగు మీద ఒక పుస్తకం తను రాశానని, దాని అట్ట మీద తన పేరు ఉందని, నిజాంసాగర్ కాలువ కింద ఆ పుస్తకం చేరని ఊరు లేదని.

నగేశ్ గారు చేతులకు తెల్లటి నూలు తొడుగులు వేసుకుని పుస్తకం తెరిచాడు. మొదట ఆయన ముఖం బాగానే ఉంది. పొలం పనుల తెలుగు మాటలన్నీ ఉర్దూ అక్షరాల్లో రాసిన పుస్తకమని, ఇలాంటివి అరుదని అన్నాడు. తర్వాత అంచులు తడిమి, అట్ట తిప్పి చూశాడు.

"ఇది ఎవరు బైండ్ చేశారు?"

"నేనే సార్. పందొమ్మిదేండ్లప్పుడు. పని నేర్చుకున్నంక చేసిన మొదటి మంచి జిల్దు."

"అంచులు కోసేశారు."

"కోస్తనే సాఫ్‌గ కనవడ్తది సార్."

"దీని అసలు అట్ట ఏది?"

"ఠండా చేసినం," అన్నాడు ఎజాజ్ భాయ్.

నగేశ్ గారికి అర్థం కాలేదు. నేనే వివరించాను. ఖురాను పేజీ కానీయండి, దేవుడి పేరు ఉన్న మరే కాగితమైనా కానీయండి, చినిగిపోతే చెత్తలో పారేయరు. మూటగట్టి పారే నీళ్లలో వదులుతారు. దాన్నే ఠండా చేయడం అంటారు. ఉర్దూ పుస్తకాల అట్ట మీద పైన బిస్మిల్లా ఉంటుంది కాబట్టి జిల్దు కట్టేవాళ్లు పీకిన అట్టలన్నీ ఒక సంచిలో దాచి, ఏడాదికోసారి మంజీరకు తీసుకుపోతారు.

"అట్ట అబ్బాజానే తన చేతితోని తీసిండు సార్. బట్టల చుట్టి ముడివేసి నాకిచ్చిండు. విప్పకు, కాళ్లు చేతులు కడిగి ఉజూ చేసుకొని పోయి మంజీరల విడిచిపెట్టు అన్నడు. విడిచిపెట్టి వచ్చిన."

నగేశ్ గారు పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తొడుగులు తీసేశాడు. అదే నాకు మండింది. ఇక ముట్టుకోవడానికేమీ లేదన్నట్టు తీసేశాడు.

"చూడండి భాయ్, ఈ పుస్తకం రెండు మూడు సార్లు అచ్చయింది. ఏది మొదటిదో చెప్పేది అట్ట ఒక్కటే. సంవత్సరం దాని మీదే ఉంటుంది, కాతిబ్ పేరూ దాని మీదే ఉంటుంది. అసలు అట్ట, కోయని అంచులు, ఎలా పుట్టిందో అలా ఉండటం, వీటికే విలువ. మీరు బాగుచేద్దామనుకుని చేసిందంతా దీన్ని పాడుచేసింది. ఇప్పుడిది తూకం కాగితం."

"తూకం కాగితమా?" అన్నాను నేను. "నోరు కాస్త చూసుకుని మాట్లాడండి. ఆయన తండ్రి రాసిన పుస్తకం అది."

"అదే నిరూపించమంటున్నాను మాస్టారూ," అన్నాడాయన నెమ్మదిగా. మనిషి చెడ్డవాడు కాదు, అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేవాణ్ని. "అట్ట ఉన్న కాపీ ఒకటి దొరకాలి. దాని మీద గులాం దస్తగీర్ అని ఉంటే నేనే ఆయన గురించి అరపేజీ రాస్తాను. ఫోటో ఉంటే వేస్తాను. హాల్లో పెద్ద అక్షరాలతో పేరు పెట్టిస్తాను."

ఎజాజ్ భాయ్‌కి ఆ మాట ఎంత పెద్దదో మీకు తెలియాలంటే ఒక సంగతి చెప్పాలి. దస్తగీర్ పేరు ఇప్పుడు ఈ లోకంలో ఎక్కడా రాసి లేదు. సమాధి మట్టిది, పదేళ్లకే నేలలో కలిసిపోయింది. బోర్డులన్నీ ఫ్లెక్సీలు వచ్చాక పాత ఇనుముకు పోయాయి. అర్జీలు ఎన్ని వేలు రాసినా వాటి మీద అడిగినవాడి పేరే గాని రాసినవాడి పేరు ఉండదు. జీవితమంతా అక్షరాలు రాసిన మనిషికి తన పేరున్న చోటు ఒక్కటి లేదు. ఎజాజ్ భాయ్ ఆ రాత్రే ఖదీజాకు చెప్పాడట, మామ పేరు హాల్లో పెడతారని. ఆమె మర్నాటికల్లా గల్లీ అంతా చెప్పేసింది.

ఇక వెతకడం మొదలుపెట్టాడు. శుక్రవారం దుకాణం కట్టేసి ఒక ఊరికి పోవడం, నమాజు అయ్యాక మసీదు మెట్ల దగ్గర నిలబడి, చెరకు పుస్తకం ఎవరింట్లోనైనా ఉందా అని అడగడం. మొదటి శుక్రవారం మాచారెడ్డి, రెండోది బీబీపేట. ఎవరో ముసలాయన, ఉండె గని చెదలు తిన్నయి అన్నాడట. మూడో శుక్రవారం ఎల్లారెడ్డిలో కబురు దొరికింది. తస్లీమా అనే ఆమె ఇంట్లో వాళ్ల తాత ట్రంకుపెట్టె ఉందని, ఆయన చెరకు పండించేవాడని. మర్నాడు పోదాం రమ్మని ఎజాజ్ భాయ్ నాకు ఫోన్ చేశాడు. "మీరు పక్కన ఉంటె ధైర్యం సారూ," అన్నాడు. ఉర్దూ ముక్క రాని నేను పక్కనుంటే ధైర్యమేమిటో నాకు తెలియదు గాని పోయాను.

బస్సులో దారి పొడుగునా తండ్రి గురించే చెప్పాడు. ప్రెస్సులో ఉస్తాదుకు తెలుగు రాదని, చెరకు మళ్ల మాటలు, మోట మాటలు అన్నీ తన తండ్రే చెప్పి రాశాడని అన్నాడు. తన పుస్తకం బట్ట విప్పి ఒక మాట మీద వేలు పెట్టి చూపించాడు. "గడెం అని రాసిండు, చూడండ్రి. నాగలి అని కాదు, గడెం. హైదరాబాద్ల కూసున్నోనికి ఈ మాట ఎట్ల తెలుస్తది? ఇది కామారెడ్డోడు రాసిందే." ఆ వయసులో ఆ ముఖంలో ఆ సంతోషం చూసి నాకే ముచ్చటేసింది.

తస్లీమాకు నలభై దాటి ఉంటాయి. భర్త మస్కట్‌లో ఏసీలు బిగించే పని చేస్తాడు. మమ్మల్ని కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, ట్రంకులోంచి పుస్తకం తీసుకొచ్చింది. అదే పుస్తకం. అంచులు కోయలేదు, గరుకుగా ఎక్కడివక్కడ ఉన్నాయి. మూలలు నల్లగా, మెత్తగా ఉన్నాయి. పైన లేత ఎరుపు అట్ట. కుట్టు వదిలి ఒక్క దారం మీద వేలాడుతోంది గాని మొత్తం ఉంది.

ఎజాజ్ భాయ్ చేతులు తుడుచుకుని అందుకున్నాడు. పైన బిస్మిల్లాను కళ్లకద్దుకున్నాడు. వేలు కిందికి జారుతూ వచ్చింది. అట్ట అడుగున చిన్న అక్షరాల దగ్గర ఆగింది. ఆగి అక్కడే ఉండిపోయింది.

"ఉందా?" అన్నాను.

ఆయన వేలు మళ్లీ మొదటికి తెచ్చి, పిల్లలు కూడబలుక్కున్నట్టు ఒక్కో అక్షరం మీద పెడుతూ పైకి చదివాడు. "కాతిబ్... మున్షీ బుర్హానుద్దీన్."

"ఎవరాయన?"

"ప్రెస్సుల ఉస్తాద్. అబ్బాజాన్‌కు పని నేర్పినాయన."

 ఎజాజ్ భాయ్ లోపలి పేజీలు తిప్పాడు. గడెం దగ్గర ఆగాడు. తన పుస్తకం పక్కన పెట్టి చూశాడు. అక్షరం అక్షరం ఒకటే. రెండూ ఒకే రాతి మీంచి వచ్చినవి. రాసింది దస్తగీర్, పేరు ఉస్తాదుది. ఆ రోజుల్లో అది మామూలేనట. శిష్యుడి రాత మీద ఉస్తాదు పేరు పడేది, కూలి శిష్యుడికి, పేరు ఉస్తాదుకు. ఆ సంగతి దస్తగీర్‌కు తెలియకుండా ఉంటుందా? ముప్ఫై ఏళ్లు ఇంట్లో దాచి, కొడుకు చేతికి జిల్దుకు ఇచ్చే ముందు, అట్ట తనే పీకి, ముడివేసి, విప్పకని చెప్పి ఏటికి పంపించాడు. దేవుడి పేరు కోసం కాదు. కింద ఉన్న మరో పేరు కోసం.

తస్లీమాకు ఇదేమీ తెలియదు. అట్ట వేలాడటం చూసి మొహమాటంగా అంది. "చాచా, ఈ అట్ట చినిగిపోయింది. బిస్మిల్లా ఉన్నదని నేను బయట పడెయ్యలే. మంజీర దాకా పోవుడు నాతోని అయితలేదు. మీరు పెద్దమనిషి. తీసుకపోయి ఠండా చేయండ్రి. పుస్తకానికి వేరే జిల్దు వేసి ఇయ్యండ్రి, మెల్లగనే ఇయ్యండ్రి."

నేను ఎజాజ్ భాయ్ వైపు చూశాను. నిజం చెబుతున్నాను, నా మనసులో ఒక్కటే మాట. తీసుకో. ఆమే ఇస్తోంది. ఒక్క దారం తెంపితే చాలు. చెదలు మిగిల్చిన ఒక్క ప్రతి ఇది. దీని అట్ట కూడా నీళ్లలో పోతే ఆ బుర్హానుద్దీన్ పేరు లోకంలో ఉండదు. పాపమేముంది? ఆచారమే చేయమంటోంది. తీసుకో ఎజాజ్ భాయ్.

ఆయన అట్టను అరచేతిలో పెట్టుకున్నాడు. చాయ్ మీద మీగడ కట్టింది. తర్వాత జేబులోంచి చిన్న తెల్లదారం తీసి, అట్టను పుస్తకానికి మెత్తగా కట్టాడు.

"లేదు బేటీ," అన్నాడు. "దీన్ని ఎవ్వలతోని జిల్దు వేయించకు. నాతోని కూడ వేయించకు. అంచులు కోయనియ్యకు. అట్ట ఎవ్వలు అడిగినా ఇయ్యకు. ఇది శాన విలువైన కితాబ్. దీని విలువంత ఈ అట్టలనే ఉన్నది." నగేశ్ గారి ఫోన్ నంబరు కూడా ఆయనే రాయించి ఇచ్చాడు.

బయటికొచ్చాక నేను ఊరుకోలేదు. నడిరోడ్డు మీదే అరిచాను. "మీకు పిచ్చా? మీ తండ్రి పేరు మింగినవాడి పేరు మీ చేతులతో కాపాడి వస్తారా?"

"అది పుస్తకం సారూ," అన్నాడాయన. "అబద్ధం చెప్పినా, నిజం చెప్పినా, అది పుస్తకం. తెలిసినంక ఎట్ల తెంపుత?"

"మరి మీ నాన్న తెంపాడు కదా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నా నోరు అంతే. ఎజాజ్ భాయ్ బస్టాండు వైపు నడిచాడు. బస్సు ఎక్కాక, కిటికీ వైపు తిరిగి, "పేరు కోసం ఎంత ఏడ్చిండో," అన్నాడు. "నాకు ఒక్కనాడు చెప్పలే. నాతోని చెప్తె నేను ఏమన్న అంటుంటినా?"

నేను మాత్రం వదల్లేదు. ఆ సాయంత్రమే నగేశ్ గారికి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. గడెం అన్న మాట సంగతీ చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు.

"నమ్ముతాను మాస్టారూ. కానీ నేను నమ్మితే సరిపోదు. దస్తగీర్ గారు రాసిన వేరే కాగితం ఏదైనా తెండి. ఉత్తరమో, ఖురాను వాక్యమో, పిల్లలకు నేర్పిన పాఠమో. అక్షరాలు పోల్చి చూసే నిపుణులు ఉన్నారు. ఒక్క కాగితం చాలు. అట్ట మీది పేరు పక్కనే ఆయన పేరు కూడా వేస్తాను."

ఒక్క కాగితం. నేను ఎగురుకుంటూ స్టేషన్ రోడ్డుకు పోయాను. ఎజాజ్ భాయ్ దుకాణంలో ఏదో బడి రిజిస్టరు కుడుతున్నాడు. నేను చెప్పింది విని సూది గుచ్చిన చోటే వదిలేశాడు.

"రెండు సంచులు ఉండె సారూ," అన్నాడు. "పొద్దుగాల లేచి, చెయ్యి సాఫ్‌గ ఉండాలెనని రోజు రెండు పేజీలు రాసేటోడు. చెయ్యి పడిపోయేదాక రాసిండు. మొదలు బిస్మిల్లా రాయకుంట కలం పెట్టకపోతుండె. అందుకే ఒక్కటి కూడ పారేయరాదు. చనిపోయిన నలభయ్యో దినం తర్వాత అన్ని మూటగట్టి, నేనే నెత్తిన మోసుకపోయి, మంజీరల విడిచిపెట్టిన. ఒక్కొక్కటి తీసి, ప్రవక్త పేర దరూద్ చదివి, ఒక్కొక్కటి విడిచిపెట్టిన. పొద్దున పోతే చీకటి పడ్డది. మంచిగ చేసిననుకున్న."

ఏమనాలి ఆయన్ను? ఏమనగలను? తండ్రి రాతంటే లెక్కలేనివాడైతే ఆ సంచులు అటక మీద పడి ఉండేవి, ఏ కిరాణా కొట్టుకో పోయినా ఒక కాగితం ఎక్కడో మిగిలేది. తాగుబోతు కొడుకైనా బాగుండేదనిపించింది నాకు. ఇంత భక్తి ఉండబట్టి కదా ఒక్క ముక్క మిగల్లేదు.  అక్కడున్న మైదా గంజి గిన్నెను కాలితో తన్నాను. ఆయన లేచి, ఒలికిన గంజి తుడిచి, మళ్లీ రిజిస్టరు ముందు కూర్చున్నాడు.

నగేశ్ గారు తస్లీమా దగ్గర పుస్తకం కొన్నాడు. ఎంతకు కొన్నాడో నేను అడగలేదు. ఆమెకు మేలు జరిగింది, మంచిదే.

డిసెంబరులో ప్రదర్శన పెట్టారు. నేను పోననుకున్నాను. ఎజాజ్ భాయ్ వచ్చి రమ్మన్నాడు. "ఖదీజా వస్తనంటుంది సారూ. వద్దన్నా వింటలేదు. మామ పేరు చూస్తనంటుంది. ఇంట్ల నేను ఏం చెప్పలే."

"ఇన్నాళ్లూ చెప్పలేదా?"

"ఎట్ల చెప్త?" అన్నాడు.

హాలు నిండా గాజు పెట్టెలు. కాలేజీ పిల్లలు ఫోన్లతో ఫోటోలు తీసుకుంటున్నారు. ఖదీజా పండక్కి కొన్న కొత్త బురఖా వేసుకుని, చేతిసంచిలో ఖర్జూరాలు తెచ్చింది, పేరు చూశాక అందరికీ పంచడానికి. మాతో నిలబడలేదు. మొదటి పెట్టె నుంచి మొదలుపెట్టి, గాజుకు ముఖం ఆనించి, ఉర్దూ కనిపించిన ప్రతి చోటా చదువుకుంటూ పోయింది. ఎజాజ్ భాయ్ తలుపు దగ్గరే ఉండిపోయాడు. నేను ఆయన పక్కన ఉన్నాను.

హాలు మధ్యలో పెద్ద పెట్టె ఉంది. అందులో చెరకు పుస్తకం, లేత ఎరుపు అట్ట పైకి కనిపించేలా పెట్టారు. పక్కన బల్ల మీద దాని గురించి పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఎవరో లెక్చరరు పిల్లలకు చెబుతున్నాడు, మున్షీ బుర్హానుద్దీన్ చేతిరాత ఎంత గొప్పదో చూడండని. ఆ వంపులు చూడండి, ఆ చుక్కలు చూడండని.

ఖదీజా అక్కడ చాలాసేపు ఆగింది. తర్వాత మా దగ్గరికి వచ్చింది. నాకూ అర్థం కావాలని తెలుగులోనే అడిగింది.

"అది మన పుస్తకమే గదా. వేరేటోల్ల పేరు ఉన్నదేంది?"

"అది వేరే అచ్చు," అన్నాడు ఎజాజ్ భాయ్. "తర్వాత ఇంకొకలతోని రాయించిండ్రు. అబ్బాజాన్ రాసింది మన ఇంట్ల ఉన్నదే."

"మరి మనది పెట్టలేదేంది?"

"అట్ట లేదని పెట్టలే."

"అట్ట ఏమైంది?"

ఆయన తల దించుకున్నాడు.  "నేనే తీసిన. జిల్దు వేసేటప్పుడు. అబ్బాజాన్ పేరు దాని మీదనే ఉండె. అప్పుడు నాకు అఖల్, తెలివి లేకుండె. పీకి పారేసిన."

ఖదీజా ఆయన ముఖంలోకి చూసింది. గట్టిగా అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఊరందరి పుస్తకాలు కోసినవ్, బతుకుదెరువు, సరే," అంది. "కన్నతండ్రి పేరు కోస్తుంటె నీకు చెయ్యెట్ల వచ్చింది? పదకొండేండ్లు ఆయనకు నేను తినిపిచ్చిన. తిన్నప్పుడల్ల చెప్పేటోడు, నా పేరు అట్ట మీద ఉన్నది ఖదీజా అని. పక్కనే కూసొని వినుకుంట ఉంటివి గద. ఒక్కనాడన్న చెప్పినవా, దాన్ని నేనే పారేసినని?"

ఎజాజ్ భాయ్ నేల చూస్తున్నాడు. ఆమె నావైపు తిరిగింది. కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి.

"సారూ, మీరు చదువుకున్నోళ్లు, మీరన్న చెప్పండ్రి. ఇది ఈయన చేసిన తప్పా కాదా?"

జీవితంలో ఎక్కడా నోరు మూసుకోని మనిషిని నేను. పై అధికారి ముందు ఊరుకోలేదు, బంధువుల ముందు ఊరుకోలేదు. నిజం నాలుక చివర ఉంది. ఎజాజ్ భాయ్ తలెత్తి నన్ను చూశాడు. అంత భయం నేను ఆయన ముఖంలో ఎప్పుడూ చూడలేదు.

"తప్పేనమ్మా," అన్నాను. "తప్పంతా ఆయనదే."

ఎజాజ్ భాయ్ అవునన్నట్టు తల ఊపాడు. ఖదీజా ఖర్జూరాల సంచి ఆయన చేతిలో పెట్టి, ఒక్కతే మెట్లు దిగి వెళ్లిపోయింది.